అద్దె ఇల్లు – సొంత సామాను

అద్దె ఇంట్లో కాపరం చేసే ఇల్లాలికి ఒక సుఖం ఉంది. గోడ బీటలువారితే ఇంటివారికి కబురుపెట్టి ఊరుకోవచ్చు. కప్పు కారితే కింద బకెట్టు పెట్టి, వాళ్ళని నాలుగు మాటలు తిట్టుకోవచ్చు. "ఇల్లు మనదా ఏమన్నానా, మన సొమ్మేం పోయింది!" అనుకుని హాయిగా నిద్రపోవచ్చు.

ఈ చివరి మాట దగ్గరే నాకు పేచీ. ఇల్లు మనది కాదు, నిజమే. కాని ఆ ఇంట్లో ఉన్న బీరువా మనది. బీరువాలో పట్టుచీరలు మనవి. మంచాలు, పరుపులు, వంటింట్లో అటకమీద అమ్మ ఇచ్చిన ఇత్తడి గంగాళం, మొన్న వాయిదాల మీద కొన్న ఫ్రిజ్జు, పిల్లల పుస్తకాలు – ఇవన్నీ ఎవరివి? నిప్పంటుకున్నా, వరద ముంచుకొచ్చినా గోడలు ఇంటివారివి, లోపలివి మనవి అని చూసి ఊరుకోవు. పైగా గోడలు చాలాసార్లు నిలిచే ఉంటాయి. పోయేవి లోపలివే.

మరి అద్దెకున్నవాళ్ళ సామాను సంగతి చరిత్రలో ఎవరైనా పట్టించుకున్నారా అని నాకో సందేహం వచ్చింది. రాజుల కోటలు తగలబడ్డ కథలు కావలసినన్ని ఉన్నాయి. వాటాలో ఉన్న కాపరాల గిన్నెలు, చెంబులు ఏమయ్యాయో చెప్పేవాళ్ళు తక్కువ. వెదగ్గా వెదగ్గా దొరికిన సంగతులివి.

మొదటగా మన కౌటిల్యుడి దగ్గరకే పోదాం. అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి మైసూరులో శ్యామశాస్త్రిగారి చేతికి చిక్కి, 1909లో అచ్చయిందాకా మనకి ఆ పుస్తకం పేరే తప్ప ఊరు తెలియదు. అందులో నగర పాలన గురించిన అధ్యాయం ఒకటుంది. చదువుతుంటే ఆయన వంటింట్లోకి తొంగిచూసి రాశాడా అనిపిస్తుంది. ఎండాకాలంలో మధ్యాహ్నంవేళ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, వండుకుంటే ఆరుబయట వండుకోవాలి, కాదంటే జరిమానా. ప్రతి ఇంట్లోనూ నీళ్ళకుండలు, నీళ్ళతొట్టి, నిచ్చెన, గొడ్డలి, కొక్కెం, తోలుసంచి, చేట సిద్ధంగా ఉండాలి. చేట ఎందుకంటారా? పొగని విసరడానికట! వీధుల్లో, కూడళ్ళలో, రాజభవనాల ముందర వేలకొద్దీ కడవల నీళ్ళు వరసగా పెట్టి ఉంచాలి. నిప్పుతో పనిచేసే కమ్మరులూ వాళ్ళూ అంతా ఒకేచోట ఉండాలి. ఇళ్ళన్నీ కొయ్య, గడ్డి, ఆకు అయినప్పుడు ఆ భయం సహజమే. మన కోస్తా జిల్లాల్లో తాటాకిళ్ళ పేటల్ని ఎరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అసలు విశేషం ఆ తరవాత వస్తుంది. ఊళ్ళో నిప్పంటుకున్నప్పుడు ఆర్పడానికి పరుగెత్తని ఇంటి యజమానికి పన్నెండు పణాల దండుగ. అదే అద్దెకున్నవాడైతే ఆరు పణాలు! రెండువేల ఏళ్ళ కిందటే "ఇంటిగలవారు", "అద్దెకున్నవారు" అని విడదీసి లెక్కకట్టినవాడు కౌటిల్యుడు. తగలబడితే సొంతింటివాడికి నష్టం నిండా, అద్దెవాడికి సగం అని ఆయన ఊహ కాబోలు. నాకైతే ఈ సగం లెక్క ఒప్పుదల కాదు. సొంతింటివాడికి ఇల్లు పోయినా కింద స్థలం మిగులుతుంది. అద్దెవాడికి ఉన్నదంతా ఆ నాలుగు గోడల మధ్యే ఉంది. పోతే మొత్తం పోతుంది.

ఇంకో చోట ఆయనే, సముద్రం మీద వర్తకానికి పోయేవాడికిచ్చే అప్పుకి నెలకి నూటికి ఇరవై దాకా వడ్డీ ఒప్పుకున్నాడు. ఓడ మునిగితే అప్పూ మునుగుతుంది కనక ఆ భయానికి ఖరీదు కట్టాడన్నమాట. అంటే ప్రమాదానికి వెలకట్టడం మనవాళ్ళకి తెలియంది కాదు. ఓడలోని మిరియాలకి కట్టిన వెల వంటింట్లోని మిరియాల డబ్బాకి కట్టలేదు, అంతే. ఆ ఆలోచన రావడానికి ఒక మహానగరం నాలుగు రోజులపాటు మండవలసి వచ్చింది.

ఆ నగరం లండను. 1666 సెప్టెంబరు 2వ తేదీ, ఆదివారం తెల్లవారుజామున పుడ్డింగ్ లేన్ అనే సందులో థామస్ ఫారినర్ అనే రొట్టెలు కాల్చే ఆయన ఇంట్లో నిప్పు పుట్టింది. ఇంట్లోవాళ్ళు మేడమీద కిటికీలోంచి పక్కింటి కప్పు మీదకి పాకి బయటపడ్డారు. పనిమనిషికి మాత్రం అంత ఎత్తున పాకడానికి ధైర్యం చాలక ఉండిపోయింది. లండను మంటల్లో మొదట పోయిన ప్రాణం ఆమెదే. ఆమె పేరు ఎవరూ రాసిపెట్టలేదు. మేయరుగారిని నిద్రలేపి తీసుకొస్తే, ఆయన చూసి, దీన్ని ఒక ఆడది ఆర్పెయ్యగలదని చులకనగా అనేసి వెళ్ళి పడుకున్నాడట. అనేవాళ్ళకేం, ఆర్పేవాళ్ళుండాలిగా! తూర్పుగాలి తోడయింది. నాలుగు రోజుల్లో 13,200 ఇళ్ళు, 87 చర్చిలు, సెయింట్ పాల్ పెద్ద చర్చితో సహా బూడిదయ్యాయి. డెబ్బైవేలమందికి పైగా నిలువనీడ లేకుండా పోయారు.

ఈ కథ మనకింత వివరంగా తెలియడానికి ముఖ్య కారణం శామ్యూల్ పెపిస్ అనే నౌకాదళ ఉద్యోగి. రోజూ డైరీ రాసే అలవాటున్న మనిషి. తెల్లవారుజామున మూడింటికి పనిమనిషి జేన్ లేపి మంటలు చూపించింది. ఈయన చూసి, దూరమేలే అని మళ్ళీ పడుకున్నాడు. మేయరు తీరే అందరిదీ! మర్నాటికి ఆయన ఉంటున్న వీధికీ ముప్పు వచ్చింది. ఈ పెపిస్ కూడా సొంతింట్లో లేడు సుమండీ. ఆఫీసువారిచ్చిన క్వార్టర్సులో ఉంటున్నాడు. ఇల్లు సర్కారుది, సామాను తనది. అచ్చంగా మన సంగతే. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి డబ్బు, వెండి సామాను, మంచి మంచి వస్తువులు బండికెత్తించి, రాత్రి తొడుక్కున్న గౌనుతోనే బండెక్కి ఊరిచివర స్నేహితుడింటికి చేర్చాడు. మంగళవారం నాడు తోటలో గొయ్యి తీయించి అందులో వైను సీసాలు, తన పార్మెజాన్ జున్నుగడ్డ పాతిపెట్టాడు. జున్నేమిటి, పాతిపెట్టడమేమిటి అని నవ్వకండి. అది ఇటలీనించి రావాలి, ఖరీదైన సరుకు. మనవాళ్ళయితే ఆవకాయ జాడీ పాతిపెట్టేవారు కామోసు! బుధవారం భార్యనీ, 2,350 పౌండ్ల బంగారాన్నీ పడవెక్కించి వుల్విచ్ చేర్చాడు. చిత్రం ఏమిటంటే ఆయన ఇల్లు కాలలేదు.

థేమ్స్ నదిమీద పడవల్లో సామాన్లు పోతుంటే చూశాడాయన. ఇంటి సామాను వేసుకున్న ప్రతి మూడు పడవల్లో ఒకదాంట్లో వర్జినల్ ఉందని రాసుకున్నాడు. వర్జినల్ అంటే బల్లలాంటి తీగల వాద్యం, ఇళ్ళల్లో ఆడపిల్లలు నేర్చుకునేది. మనింట్లో వీణ అనుకోండి. మంటలు తరుముకొస్తుంటే ఆ తల్లులు ముందు పట్టుకుపోయింది కూతుళ్ళ వీణల్ని! చదువుతూ అక్కడ కాసేపు ఆగిపోయాను. ఏది పట్టుకుపోవాలి, ఏది వదిలెయ్యాలి అనే ప్రశ్న ఆ నాలుగు రోజుల్లో ఎన్ని ఇళ్ళల్లో ఎంతమందిని కోసిందో.

అందరికీ పడవలూ బళ్ళూ దొరకలేదు. మామూలుగా కొద్ది షిల్లింగులకి వచ్చే బండికి నలభై పౌండ్లు అడిగినవాళ్ళున్నారు. అప్పట్లో అది ఒక కూలివాడికి ఏడాదికి పైగా సంపాదన. ఉన్నవాళ్ళ సామాను బయటపడింది. లేనివాళ్ళు మోయగలిగినంత నెత్తిన పెట్టుకుని, మిగిలింది వదిలేశారు. కొందరు ఒక చర్చిలో పెట్టి, మంటలు అక్కడికి రాగానే ఇంకో చర్చికి మోసి, అక్కడినించి మరోచోటికి మోశారు. పుస్తకాల వర్తకులు మాత్రం గట్టి ఏర్పాటే చేశామనుకున్నారు. సెయింట్ పాల్ చర్చి రాతికట్టడం, దాని నేలమాళిగ ఇంకా భద్రం అని తమ పుస్తకాలన్నీ అందులో దట్టించి తలుపులు మూసేశారు. కప్పు కూలి నేలమాళిగలోకి మంటలు దిగాయి. ఆ పుస్తకాలు వారం రోజులు కాలుతూనే ఉన్నాయట.

మంటలు చల్లారాక అసలు కష్టం మొదలైంది. ఇది చాలామంది చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యంలో దాటేసే సంగతి. లండనులో ఎక్కువమంది అద్దెకో, కౌలుకో ఉన్నవాళ్ళే. స్థలం ఒకడిది, దానిమీద ఇల్లు కౌలుకి తీసుకున్నవాడు మరొకడు, అందులో వాటా అద్దెకి తీసుకున్నవాడు ఇంకొకడు. ఆనాటి కౌలు పత్రాలు చాలావాటిలో మరమ్మత్తు భారం అద్దెదారుదే అని రాసి ఉండేది. అంటే ఏమిటి? ఇల్లు బూడిదైపోయింది. అయినా గడువు తీరేదాకా అద్దె కడుతూ ఉండాలి. పైగా ఇల్లు మళ్ళీ తన డబ్బుతో కట్టించి అప్పజెప్పాలి! సామానంతా పోగొట్టుకుని గుడారంలో కూర్చున్న మనిషిమీద చట్టం వేసిన బరువిది. ఇళ్ళవాళ్ళూ ఊరుకోలేదు, పత్రాలు పట్టుకుని వచ్చారు.

ఈ చిక్కు విప్పడానికే 1667లో పార్లమెంటు "ఫైర్ కోర్టు" అనే ప్రత్యేక న్యాయస్థానాన్ని పెట్టింది. న్యాయాధిపతులు జీతం బత్తెం లేకుండా కూర్చుని వెయ్యికి పైచిలుకు తగాదాలు తీర్చారు. పాత పత్రంలో ఏముందో చూసి తీర్పు చెప్పేసి ఊరుకోవచ్చు. కాని వాళ్ళు అలా చెయ్యలేదు. ఎవరు కట్టగలరు, ఎవరు ఎంత నష్టపోయారు అని విచారించి, తిరిగి కట్టేవాడికి అద్దె తగ్గించారు, గడువు పెంచారు, కొన్ని కౌళ్ళు రద్దే చేసేశారు. నగరం వాళ్ళ మేలు మరిచిపోలేదు. ఆ న్యాయమూర్తులందరి బొమ్మలూ రాయించి గిల్డ్‌హాలులో వేలాడదీసింది.

ఇంత చేసిన కోర్టులో కూడా సామాన్ల ఊసు లేదు. గోడలకీ, అద్దెకీ న్యాయం దొరికింది. మంచానికీ, దుప్పటికీ, మగ్గానికీ దొరకలేదు. దేశమంతటా చర్చిల్లో చందాలు పోగుచేసి పంచారు. అంతే. పోయిన సామానుకి దానధర్మమే తప్ప హక్కు అనేది లేదు.

ఇక ఇన్సూరెన్సు సంగతి. నికొలాస్ బార్బన్ అనే డాక్టరు వైద్యం మానేసి, కాలిపోయిన లండనులో ఇళ్ళు కట్టించే వ్యాపారంలోకి దిగాడు. భక్తిపరుడైన తండ్రి ఆయనకి "క్రీస్తు నీకోసం మరణించకుంటే నీవు నరకానికి పోయి ఉండేవాడివి" అని అర్థం వచ్చే పొడుగాటి నడిమి పేరు పెట్టాడంటారు. బళ్ళో హాజరు పిలిచేవాళ్ళు ఎలా వేగారో! తన అప్పులు తీర్చనక్కర్లేదని వీలునామా రాసి పోయిన ఘనుడని కూడా చెప్తారు. అలాంటి మనిషి 1680 ప్రాంతంలో ఇళ్ళకి అగ్నిప్రమాద బీమా ఆఫీసు తెరిచాడు. ఇటుక ఇల్లయితే సంవత్సరపు అద్దెలో నూటికి రెండున్నర, కొయ్య ఇల్లయితే అయిదు. కొయ్య త్వరగా అంటుకుంటుంది కనక రెట్టింపు. మంచి లెక్కే. కాని అది గోడల బీమా. లోపలి సామాను ఊసు అందులోనూ లేదు.

ఆ ఊసెత్తినవాడు చార్లెస్ పోవీ. ఈయనా తిన్నగా కూర్చునే రకం కాదు. 1709లో అర్ధపెన్నీకే ఉత్తరాలు చేరవేస్తానని గంటలు మోగించే మనుషుల్ని లండను వీధుల్లో తిప్పాడు. ప్రభుత్వ తపాలావారు దావా వేసి జరిమానా కట్టించి, ఆ గంటల పద్ధతిని మాత్రం తామే తీసుకున్నారు! ఆయనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఇంటికి ఇన్సూరెన్సు ఉన్నప్పుడు ఇంట్లో సరుకుకి ఎందుకుండకూడదు? ఇల్లు లేనివాడికి సరుకైనా ఉంటుంది కదా! ఆయన మొదలుపెట్టిన వ్యాపారాన్ని కొనుక్కుని 1710లో "సన్ ఫైర్ ఆఫీస్" అనే సంస్థ ఏర్పడింది. అది ఇళ్ళతోపాటు చరాస్తికి కూడా బీమా ఇచ్చింది. పాలసీ తీసుకున్నవాళ్ళకి "బ్రిటిష్ మెర్క్యురీ" అనే పత్రిక కూడా పంపేవారు. వారపత్రిక చదివే మనకి ఆ తగిలింపు ఎంత ఆకర్షణో చెప్పక్కర్లేదు.

సన్ ఆఫీసువాళ్ళ గొప్పదనమంతా వాళ్ళ రిజిస్టర్లలో ఉంది. 1710 నించి నూటయాభై ఏళ్ళపాటు రాసిన పాలసీ పుస్తకాలు వందల సంపుటాలు ఇప్పటికీ లండను ఆర్కైవ్సులో భద్రంగా ఉన్నాయి. ఫలానా పేరు, ఫలానా వృత్తి, ఫలానావారి ఇంట్లో ఉంటున్నది, ఇల్లు ఇటుకదా కొయ్యదా, ఇంటి సామానుకి ఇంత, కట్టుకునే బట్టలకి ఇంత, వెండి సామానుకి ఇంత, పింగాణీకి గాజుకి ఇంత, అచ్చు పుస్తకాలకి ఇంత. రాజుగారి కొలువు గురించి కాక, ఒక టోపీలు కుట్టే ఆవిడ ఇంట్లో ఏముండేదో చెప్పే చరిత్ర ఇది. రొట్టెలవాడి మేడమీద వాటాలో ఉన్న మనిషి కూడా తన దుప్పట్లకి వెలకట్టించుకున్నాడు. రొక్కం, బాండ్లు, ఖాతా పుస్తకాలు మాత్రం బీమాకి పనికిరావన్నారు. కాలిపోయిన నోట్లు ఎన్నో ఎవరు లెక్కపెట్టగలరు!

ఆ పుస్తకాల్లో ఆడవాళ్ళ పేర్లు కూడా చాలానే ఉన్నాయి. వితంతువులు, పెళ్ళికాని వాళ్ళు, దుకాణం నడుపుకునేవాళ్ళు. పెళ్ళయినవాళ్ళ పేర్లు కనపడడం అరుదు. ఎందుకంటే ఆ దేశపు చట్టప్రకారం పెళ్ళి కాగానే స్త్రీ చరాస్తి అంతా భర్తదైపోయేది, కట్టుకునే బట్టలతో సహా. అది మారడానికి 1870, 1882 చట్టాలు రావలసి వచ్చింది. ఈ ఒక్క విషయంలో స్త్రీధనం అనే మాట ఎప్పటినించో ఉన్న మనం కాస్త తలెత్తుకోవచ్చు. ఆచరణ సంగతి అడక్కండి. అయినా ఇంట్లో గరిటెలెన్ని, దుప్పట్లెన్ని అని ఆ సన్ ఆఫీసు గుమాస్తాకి లెక్కచెప్పింది ఏ భర్తగారనుకుంటారు? పాలసీ ఆయన పేర, లెక్క ఆవిడ నోట అయ్యుంటుందని నా అనుమానం.

దొంగతనానికి బీమా మాత్రం ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1880ల చివర లండను లాయిడ్స్‌లో కుత్బర్ట్ హీత్ అనే ఆయన దానికి దారితీశాడు. అంటే నిప్పుకీ దొంగకీ మధ్య నూటెనభై ఏళ్ళ ఎడం. ఈ ఎడం ఇప్పటికీ పాలసీల్లో మిగిలి ఉంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మన దేశానికి ఈ వ్యాపారం ఇంగ్లీషువాళ్ళ వెంటే వచ్చింది. 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీ మొదలైంది. గోదాముల్లో జనపనార, ఓడల్లో తేయాకు, ఇవీ వాళ్ళ లోకం. స్వదేశీ ఉద్యమం వచ్చాక మనవాళ్ళూ కంపెనీలు పెట్టారు. మన మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకూ, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ స్థాపించారు. 1864లో ఒక్క రాత్రి ఉప్పెనకి ముప్ఫైవేలమందిని పోగొట్టుకున్న ఊరది. రేపటి భయం గురించి ఆ ఊరికి ఒకరు చెప్పాలా! 1973 జనవరి 1న జనరల్ ఇన్సూరెన్సు జాతీయమై, 107 కంపెనీలు నాలుగయ్యాయి. 2000 తరవాత ప్రైవేటు కంపెనీలు మళ్ళీ వచ్చాయి. వీళ్ళందరిమీదా అజమాయిషీ చేసే సంస్థ మన హైదరాబాదులోనే ఉంది.

చట్టం మాత్రం మనకి ఫైర్ కోర్టు ముందునాటి లండనుకంటే మెరుగు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ఏమంటుందంటే – వేరే ఒప్పందం లేకపోతే – నిప్పువల్లో, తుఫానువల్లో, వరదవల్లో ఇల్లు పూర్తిగా పాడైతే అద్దెదారు ఇష్టపడితే ఆ అద్దె ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. కూలిపోయిన ఇంటికి అద్దె కట్టే ఖర్మ లేదు. కాని దానికో మెలిక ఉంది. ఆ నష్టం అద్దెదారు తప్పువల్ల జరిగితే ఈ వెసులుబాటు లేదు. "ఇంటివారు ఇన్సూరెన్సు చేశారులెండి, మనకేం!" అనుకునే వాళ్ళు ఇక్కడ ఆగాలి. ఇంటివారి పాలసీ ఇంటివారి గోడలకి. మన బీరువాకి అందులో పైసా రాదు. పైగా మన పొరపాటువల్ల నిప్పు పుట్టిందని తేలితే, ఇంటివారికి డబ్బిచ్చిన కంపెనీ ఆ డబ్బు రాబట్టుకోడానికి మనమీదకే రావచ్చు.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తరవాత గంజి కేంద్రాలు, పాత బట్టల మూటలు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2020 అక్టోబరులో హైదరాబాదు వరదలకి కుటుంబానికి పదివేలిచ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజులతరబడి నీళ్ళలో ఉంది. నేలమట్టు ఇళ్ళకి 25,000, పై అంతస్తులకి 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. ఇచ్చినందుకు సంతోషమే, కాదనను. కాని పాతికవేలకి ఏమొస్తాయో ఇల్లు నడిపే మనకి తెలియదా? ఫ్రిజ్జు వస్తే వాషింగ్ మెషీను రాదు. మంచం వస్తే పరుపు రాదు. 1666 నాటి చర్చి చందా లాంటిదే ఇదీ. ఇచ్చినంత పుచ్చుకోవాలి, నాకు పోయింది ఇంత అని అడిగే హక్కు లేదు. ఆ హక్కు కొనుక్కోవడమే ఇన్సూరెన్సు.

"మా ఇంట్లో ఏముందండీ, బీమా చేయించడానికి!" అంటారు చాలామంది. వినయం మంచిదే గాని, ఒక్క మధ్యాహ్నం కాగితం తీసుకుని కూర్చోండి. వంటింటితో మొదలుపెట్టండి. గ్యాసు పొయ్యి, మిక్సీ, గ్రైండరు, కుక్కర్లు, స్టీలు సామాను. ఇవాళ కొత్తగా కొంటే ఎంతో ఆ ధర వెయ్యండి, పెళ్ళినాటి ధర కాదు. తరవాత హాలు, పడగ్గది, బీరువా. చీరల దగ్గరకొచ్చేసరికి చాలామంది మగవారు లెక్కపెట్టడం మానేస్తారు. మీరు మానకండి. మొత్తం చూసుకున్నాక ఏమీ లేని ఇల్లు మనదని ఇంకెప్పుడూ అనరు.

2021 ఏప్రిల్ 1 నించి అన్ని కంపెనీలూ ఒకే పద్ధతిలో ఇవ్వవలసిన "భారత్ గృహ రక్ష" అనే పాలసీ వచ్చింది. పేరు చూసి సొంతింటివాళ్ళకే అనుకోనక్కర్లేదు. ఇల్లు వదిలేసి ఇంట్లోని సామానుకి మాత్రమే తీసుకోవచ్చు, అద్దెకున్నవాళ్ళకి కావలసింది అదే. నిప్పు, పిడుగు, తుఫాను, వరద, భూకంపం, అల్లర్లు, నీళ్ళ ట్యాంకు పగిలి ముంచెత్తడం దాకా ఇందులో ఉన్నాయి. పాత పాలసీల్లో సామాను విలువ తక్కువ చూపించామని తేలితే ఆ నిష్పత్తిలో డబ్బు కోసేవారు. ఇందులో ఆ కోత తీసేశారు. బీమా చేసిన మొత్తం వరకు ఇస్తారు.

ఇందాక చెప్పిన దొంగల సంగతి ఇక్కడుంది. మామూలు రోజున తాళం పగలగొట్టి దోచుకుపోతే ఈ పాలసీ పలకదు. నిప్పో వరదో వచ్చి, దాని కారణంగా ఏడు రోజుల్లోపల ఎవరైనా ఎత్తుకుపోతేనే ఇస్తుంది. దొంగల భయం ఉన్నవాళ్ళు దానికి వేరే పాలసీ అడగాలి. నగలు, వెండి సామాను మామూలు సామాను కింద రావు, వాటికి విడిగా వెలకట్టి చేర్పించాలి. రొక్కం, చెక్కులు, వాహనాలు ఇందులో లేవు. సన్ ఆఫీసు గుమాస్తా రొక్కాన్ని కొట్టేసిన రోజునించి ఇప్పటిదాకా ఆ కలం మారలేదు చూడండి! మనవల్ల పక్కవాటాకో, ఇంటివారికో నష్టం జరిగితే ఆ బాధ్యతకి కూడా కలిపి ఇచ్చే పాలసీలు కొన్ని కంపెనీల దగ్గర ఉన్నాయి. ఏజెంటు చెప్పడు, మనమే అడగాలి. అతను చెప్పేదంతా విని, చివర "ఏవి రావో చెప్పు నాయనా" అని అడగండి. ఏవి వస్తాయో అతనే చెప్తాడు.

ఇల్లు మారినప్పుడు కంపెనీకి కొత్త చిరునామా రాసి ఒప్పించుకోవాలి. అద్దె కాపరాల్లో ఇది మరిచిపోవడం సులువు. పాలు, పేపరు, గ్యాసు మార్చుకుంటాం, పాలసీ పాత వాటాలోనే ఉండిపోతుంది. పెద్ద వస్తువుల రసీదులు దాచండి, ప్రతి గదినీ సెల్‌ఫోనులో ఫొటోలు తియ్యండి. జాబితా రాసిన కాగితాన్ని మాత్రం ఆ బీరువాలోనే పెట్టకండి. సెయింట్ పాల్ నేలమాళిగలో పుస్తకాలు పెట్టినవాళ్ళకి ఏమైందో చూశాంగా. ఒక నకలు పుట్టింట్లోనో, ఊళ్ళో ఉన్న తోడికోడలి దగ్గరో ఉంచండి. ఆవిడ జాబితా మీ దగ్గర ఉంచుకోండి. ఎవరికెన్ని చీరలున్నాయో ఒకరికొకరికి తెలిసిపోతుందనే చిన్న చిక్కు ఉందనుకోండి, దానికి ఏ కంపెనీ పాలసీ ఇవ్వదు.